రిమ్ము ఒప్పుకున్నదే టైరు: పాత పికప్‌లకు రేడియల్స్

బండి మాట – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత పికప్ ట్రక్కుల టైర్ల గురించే. బండితో పుట్టిన చక్రాలు అలాగే ఉండాలి, వాటి మీదికి మాత్రం రేడియల్ టైర్లు రావాలి అన్నది అందరి కోరిక. పాత బయాస్ టైరులో లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డం పడతాయి, రేడియల్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా సాగుతాయి. చేయదగ్గ పనే. కాకపోతే టైరు చూసి మనసు పారేసుకున్నాక రిమ్ము కొలిస్తే లాభం లేదు. ముందు రిమ్ము, తర్వాత బరువు, ఆ తర్వాత ఎత్తు, అందం చివర్న. జవాబులన్నీ ఈ వరసలోనే నడుస్తాయి.

ప్రశ్న: 1951 షెవ్రొలే 3100 అరటన్ను పికప్ కొన్నాను. ఆరు బోల్టుల అసలు 16 అంగుళాల చక్రాలు ఉన్నాయి. వాటి మీద 6.00-16 బయాస్ టైర్లు, అన్నీ పగుళ్లే. షాపులో 235/85ఆర్16 రేడియల్స్ వేసుకోమన్నారు. చూడ్డానికి నిండుగా ఉన్నాయి. వేయించమంటారా? – డాలస్, టెక్సస్

జవాబు: వద్దు. మీ రిమ్ము దాన్ని మోయలేదు.

చక్రాన్ని విప్పి, టైరు తీసేసి, బల్ల మీద పడుకోబెట్టండి. రిమ్ము వెడల్పు అంటే బయటి అంచు నుంచి బయటి అంచుకు కాదు. టైరు బీడు (రిమ్మును పట్టుకునే టైరు గట్టి అంచు) ఆనుకునే లోపలి గోడ నుంచి ఎదుటి లోపలి గోడకు కొలవాలి. బయటి నుంచి కొలిస్తే ముప్పావు నుంచి ఒక అంగుళం దాకా ఎక్కువ వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆరంగుళాల రిమ్ము అనుకున్నది తీరా చూస్తే ఐదు అంగుళాలది అవుతుంది. తుప్పు గీకి చూస్తే కొన్ని చక్రాల మీద ముద్ర కూడా దొరుకుతుంది: వెడల్పు అంకె, పక్కన ఈ, ఎఫ్, జె, కె లాంటి అక్షరం. ఆ అక్షరం రిమ్ము అంచు ఆకారాన్ని చెబుతుంది. మీ తరహా చక్రం సాధారణంగా 5 అంగుళాలే ఉంటుంది. అయినా డెబ్బై ఏళ్లలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి నాలుగు చక్రాలూ, స్పేరూ విడివిడిగా కొలవండి.

235/85ఆర్16 టైరుకు కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. 5 అంగుళాల మీదికి ఎక్కిస్తే బీడులు రెండూ దగ్గరకు నొక్కుకుపోయి, పక్క గోడలు కుండలా ఉబ్బుతాయి. నేలను తాకే పట్టీ మధ్యలో బయటికి ఉబ్బుతుంది, అందుకే ఆ మధ్య భాగం ముందే అరిగిపోతుంది. మలుపులో బండి ఒకవైపు, టైరు ఒకవైపు అన్నట్టు ఊగుతుంది. గాలి కాస్త తగ్గిన రోజున బీడు రిమ్ము మధ్యలో ఉండే గోతిలోకి జారే ప్రమాదమూ ఉంది. పైగా ఆ టైరు ఎత్తు 31.7 అంగుళాలు, మీ అసలు టైరు ఎత్తు 28న్నర లోపు. మూడు అంగుళాలకు పైగా తేడా. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటుంది. వెనక సామాను పెట్టె కింద స్పేరు పెట్టుకునే చోట పట్టదు.

ఎత్తు లెక్క మీరే వేసుకోవచ్చు. 205/75ఆర్16 తీసుకోండి. 205 మిల్లీమీటర్లలో 75 శాతం 153.75. అది పక్క గోడ ఎత్తు. పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి 307.5. దానికి 16 అంగుళాల రిమ్ము, అంటే 406.4 కలిపితే 713.9 మిల్లీమీటర్లు. 28.1 అంగుళాలు. పాత 6.00-16కు, అంటే 6 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము టైరుకు, ఇది దగ్గర చుట్టం. పాత సైజులో శాతం రాయలేదంటే, అప్పట్లో పక్క గోడ ఎత్తు దాదాపు వెడల్పంత ఉండేది, రాయాల్సిన పని పడలేదు.

మీ 5 అంగుళాల రిమ్ముకు నేను చూసే వరస ఇది. మొదటిది, పాత కొలతల్లోనే చేసిన 6.00ఆర్16 రేడియల్. పైకి బయాస్ టైరులా సన్నగా, నిలువుగా కనిపిస్తుంది, లోపల రేడియల్ కట్టు. అమెరికాలో చట్టనూగా ఊళ్లోని కోకర్ టైర్ లాంటి పాతబళ్ల టైర్లవాళ్లు అమ్ముతారు. ఖరీదు ఎక్కువే, కానీ ఎత్తు, వెడల్పు, రూపం మూడూ కుదురుతాయి. రెండోది, వ్యాన్‌ల కోసం చేసే సి తరగతి టైర్లు. 195/75ఆర్16సి ఫోర్డ్ ట్రాన్సిట్ జంట చక్రాల వ్యాన్‌కు వస్తుంది కాబట్టి అమెరికాలో తేలిగ్గా దొరుకుతుంది. ఎత్తు 27.5, అంటే అసలుకన్నా ఒక అంగుళం దాకా తక్కువ. 205/75ఆర్16సి దొరికితే ఎత్తుకు అదే మేలు. ఏది కొన్నా ఆ కంపెనీ కొలతల పట్టికలో మీ రిమ్ము వెడల్పు అంకె కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. పట్టికలో లేకపోతే టైరు ఎంత బాగున్నా వదిలేయండి. చాలామంది 215/85ఆర్16 వేస్తారు. దానికి కనీసం 5.5 అంగుళాలు కావాలి. అర అంగుళమే కదా అని సర్దుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా పాత రిమ్ముకు బీడును పట్టి ఉంచే గట్టు ఉండదు, ఆ సంగతి తర్వాతి జవాబులో చెబుతాను.

ఇక బరువు. ఖాళీ బండి 3,100 – 3,200 పౌండ్లు ఉంటుంది. ట్రక్ స్టాపులో కాటా మీదికి ఎక్కించి ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరుగా తూయించండి. పెట్టెలో మీరు వేయబోయే సామానుతో మళ్లీ తూయించండి. సామానుతో వెనక ఇరుసు మీద 2,800 పౌండ్లు వచ్చిందనుకుందాం. ఒక్కో టైరుకు 1,400, అంటే 635 కిలోలు. కారు టైరును, అంటే సైజు ముందు పి అక్షరం ఉన్నదాన్ని, ట్రక్కుకు వేస్తే దాని మోత అంకెను 1.10తో భాగించాలని అమెరికా నిబంధన. కాబట్టి 635ను 1.10తో గుణిస్తే, కనీసం 699 కిలోలు మోసే టైరు కావాలి. టైరు గోడ మీద మోతను సూచించే అంకె లోడ్ ఇండెక్స్. అది 95 అంటే 690 కిలోలు, చాలదు. 96 అంటే 710, సరిపోతుంది. వ్యాన్ టైరు మీద 107 ఉంటుంది, అంటే 975 కిలోలు. దానికి ఈ చింతే లేదు.

వ్యాన్ టైరు గోడ మీద 69 పీఎస్‌ఐ అని కనిపించినా అంత గాలి కొట్టించకండి. అది టైరు హద్దు, మీ రిమ్ము హద్దు కాదు. కంపెనీ లోడు పట్టికలో మీ బరువుకు ఎంత రాసి ఉందో అంతే. ఖాళీ బండికి 35 దగ్గర మొదలుపెట్టి, టైరు పట్టీ మీద అడ్డంగా సుద్ద గీసి చదునైన రోడ్డు మీద ఒక వంద గజాలు నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. అయితే పట్టిక చెప్పిన అంకెకన్నా కిందికి మాత్రం దిగకండి.

టైరు ఎత్తు ప్రభావం ఇంజిన్ మీదా పడుతుంది. మీ బండిలో 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంటే దాని రాడ్ బేరింగులు పోతపోసిన బాబిట్ అనే మెత్తటి లోహంవి. గంటల తరబడి ఎక్కువ చుట్లు తిప్పితే ఓర్చుకోవు. వెనక ఇరుసు పళ్ల నిష్పత్తి 4.11 అయితే, 28.3 అంగుళాల టైరుతో గంటకు 55 మైళ్ల దగ్గర ఇంజిన్ నిమిషానికి సుమారు 2,680 చుట్లు తిరుగుతుంది. 27.5 టైరుతో 2,760. తేడా పెద్దది కాదు కానీ కిందివైపు ఇంకా తగ్గకండి. 27 అంగుళాలకు దిగితే 2,800 దాటుతుంది, స్పీడోమీటరు కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: 1950 ఫోర్డ్ ఎఫ్-1. రిమ్ములు 16 అంగుళాలు, లోపల కొలిస్తే 4.5 వెడల్పు. మధ్య డిస్కు రివెట్లతో బిగించి ఉంది. ట్యూబ్ లేకుండా రేడియల్ వేయొచ్చా? రివెట్ల దగ్గర సీలెంట్ పూస్తే చాలంటున్నారు. – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సీలెంట్ గాలి పోకుండా ఆపవచ్చు. అసలు చిక్కు గాలి కాదు. అమెరికా కార్లు కొత్తగా ట్యూబ్‌లెస్ టైర్లతో రావడం 1955 నుంచి ఊపందుకుంది. ఆ తర్వాత వచ్చిన రిమ్ముల్లో బీడు కూర్చునే చోటు లోపలివైపు సన్నటి గట్టు ఒకటి ఉంటుంది. గాలి తగ్గినా బీడు గోతిలోకి జారకుండా ఆపేది అదే. మీ 1950 రిమ్ములో వేలు పెట్టి తడిమితే నున్నగా తగులుతుంది, గట్టు ఉండదు. కాబట్టి ట్యూబే వేయండి, మంచిదే వేయండి.

ట్యూబు మీద రేడియల్ అన్న మాటో, ఆర్ అక్షరమో ఉండాలి. రేడియల్ పక్క గోడ బయాస్‌కన్నా ఎక్కువ మడతపడుతుంది. పాత రకం ట్యూబు ఆ రాపిడికి అతుకు దగ్గర చిరుగుతుంది. సైజు సరిగ్గా సరిపోవాలి, పెద్దది వేస్తే లోపల ముడతపడి ఆ ముడత దగ్గరే తెగుతుంది. టైరు లోపల అంటించిన కాగితం చీటీలన్నీ పీకేసి, జిగురు తుడిచేయండి. గోరంత చీటీ చాలు, వేయి మైళ్లలో ట్యూబుకు బొక్క పెడుతుంది. రివెట్ల తలల మీద, వెల్డింగు గరుకు మీద రబ్బరు రిమ్ము పట్టీ చుట్టండి. ట్యూబుకూ టైరు లోపలికీ టాల్కం పొడి పల్చగా అద్దండి, ముద్దలు కట్టనీయకండి. ముందు కొంచెం గాలి కొట్టి బీడులు కూర్చోబెట్టండి, గాలి పూర్తిగా తీసేయండి, మళ్లీ కొట్టండి. ఆ రెండోసారి గాలి వల్ల లోపల మెలిపడ్డ ట్యూబు సర్దుకుంటుంది. తొందరలో షాపువాళ్లు వదిలేసే పని ఇదే, దగ్గరుండి చేయించండి.

వాల్వు రంధ్రం కూడా చూడండి. 5/8 అంగుళం రంధ్రమైతే టీఆర్15 కాడ ఉన్న ట్యూబు, 0.453 అంగుళం రంధ్రమైతే టీఆర్13. సన్న కాడను పెద్ద రంధ్రంలో పెడితే అది అటూ ఇటూ ఆడి మొదలు దగ్గర కోసుకుపోతుంది.

టైరు విషయానికొస్తే, 4.5 రిమ్ముకు ఆధునిక సైజుల్లో ఎంపిక చాలా తక్కువ. 6.00ఆర్16 పాతరూపు రేడియల్ అమ్మేవాళ్లను మీ రిమ్ము వెడల్పు ఒప్పుకుంటుందో లేదో లిఖితంగా అడగండి. లేదంటే మంచి బయాస్ టైర్లే వేసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: రేడియల్స్ వేసినప్పటి నుంచి మలుపుల్లో హబ్ క్యాపులు ఊడి పడుతున్నాయి. క్లిప్పులు మార్చినా అంతే. – ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: క్లిప్పుల తప్పు కాకపోవచ్చు, చక్రాన్ని చూడండి. మిషెలిన్ 1946లోనే రేడియల్‌కు పేటెంట్ తీసుకున్నా, అమెరికా రోడ్ల మీద అది మామూలైంది 1970లలో. మీ చక్రం అంతకు ముందు తరానిది. బయాస్ టైరు పట్టు తక్కువ, మలుపులో కొంత జారి బరువు తగ్గించుకుంటుంది. రేడియల్ నేలను వదలదు. ఆ పక్క బలమంతా రిమ్ము మీదుగా డిస్కుకు చేరుతుంది, పల్చటి డిస్కు వంగి లేస్తూ ఉంటుంది. క్యాపు ఊడడం ఆ వంగుడుకు మొదటి గుర్తు.

చక్రాలన్నీ రంగు పోయేదాకా ఇసుక ఊదించండి. పగులు పుట్టే చోట్లు మూడు: బోల్టు రంధ్రాల చుట్టూ, రివెట్ల లేదా వెల్డింగు గీత పక్కన, డిస్కులో గాలి రంధ్రాల మూలల్లో. రంగు కింద ఎర్రటి తుప్పు సన్న గీతలా కారి ఉంటే అక్కడ పగులు ఉన్నట్టే. వెలుతురులో అనుమానంగా కనిపించిన చోట పగుళ్లు చూపించే రంగు ద్రవం పోసి చూడండి. పగిలిన చక్రాన్ని వెల్డింగు చేయించి వాడకండి, మరొకటి వెతకండి. బీడు కూర్చునే చోట తుప్పు గుంటలు లోతుగా ఉన్నవాటికీ ఇదే మాట.

చక్రాలు బాగానే ఉంటే నట్లు కూర్చునే చోట రంగు ఎంత మందంగా ఉందో చూడండి. పౌడర్ కోటింగు చేయించినప్పుడు ఆ శంకు గుంటల్లోనూ, హబ్‌ను ఆనుకునే ముఖంమీదా మందంగా పూస్తారు. బిగించిన కొన్ని రోజులకు ఆ పూత నలిగి నట్లు వదులవుతాయి. ఆ చోట్లలో లోహం కనిపించేదాకా తీసేయించండి. నట్లను టార్క్ రెంచితోనే, నక్షత్రం ఆకారపు వరసలో ఎదురెదురుగా బిగించండి, 50 మైళ్ల తర్వాత మళ్లీ చూడండి.

ప్రశ్న: 1953 షెవ్రొలే 3100. 6.00ఆర్16 రేడియల్స్ వేశాక గంటకు 45 మైళ్ల వేగం దగ్గర స్టీరింగ్ గజగజ వణుకుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. – ఛార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: బ్యాలెన్సింగ్ మిషను మీద మీ చక్రాన్ని ఎలా బిగించారో కనుక్కోండి. ఇప్పటి చక్రాలు మధ్య రంధ్రంతో హబ్ మీద కుదురుకుంటాయి కాబట్టి మిషను శంకును మధ్య రంధ్రంలోకి దూర్చి తిప్పుతారు. మీ చక్రం కుదురుకునేది బోల్టులతో. మధ్య రంధ్రం కచ్చితంగా గుండ్రంగా ఉండాలని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి శంకు మీద సరిగ్గా తూగిన చక్రం బండి మీద తూగదు. బోల్టు రంధ్రాల్లోకి వేళ్లలా దిగే ఫ్లాంజ్ ప్లేటు ఉన్న షాపుకు తీసుకెళ్లండి. ఆరు బోల్టులు, 5.5 అంగుళాల వృత్తం అని చెప్పండి.

మిషను ఎక్కించకముందే, టైరు లేని రిమ్ముకు డయల్ గేజి పెట్టి చేత్తో తిప్పి చూడండి. పక్కకు గానీ, పైకి కిందికి గానీ 1/16 అంగుళం కన్నా ఎక్కువ ఆడితే ఎంత సీసం కొట్టినా వణుకు పోదు. మంచి రిమ్ములు ముందు వైపుకు, కొంచెం వంకర ఉన్నవి వెనక్కి మార్చుకోండి.

ఇవన్నీ బాగుంటే కింగ్ పిన్‌ల (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే నిలువు పిన్నులు) దగ్గరికి వెళ్లండి. ముందు ఇరుసును జాకీ మీద లేపి, టైరును పైన, కింద పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టాలి, అప్పుడు వీల్ బేరింగు ఆట పోయి కింగ్ పిన్ ఆట ఒక్కటే తెలుస్తుంది. కటకటలాడితే బుష్షులు మార్చాలి. బయాస్ టైరు తన మెత్తదనంతో ఆ ఆటను ఇన్నాళ్లూ కప్పిపెట్టింది, రేడియల్ బయటపెట్టింది. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి ఒదిగే కొలత) 1/16 అంగుళం దగ్గర పెట్టించండి, బయాస్ టైర్లకు పెట్టినంత అక్కర్లేదు. ఆకు స్ప్రింగులు కుంగి కాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గిపోయి ఉంటే స్ప్రింగుకూ ఇరుసుకూ మధ్య రెండు డిగ్రీల వాలు పలక వేయించుకోవచ్చు. అంతకు మించితే పవర్ స్టీరింగ్ లేని బండిని పార్కింగులో తిప్పడానికి చేతులు పడిపోతాయి.

ప్రశ్న: వెనక పికప్ బాడీ కట్టిన పాత మహీంద్రా జీపు మా నాన్నగారిది. 6.00-16 నైలాన్ టైర్లు. రేడియల్ వేద్దామంటే బొలెరో టైర్లు వేయమంటున్నారు. – ఏలూరు

జవాబు: బొలెరోకు వచ్చే 215/75ఆర్15 పదిహేను అంగుళాల రిమ్ముది, మీ పదహారు మీదికి ఎక్కదు. చక్రాలు కూడా మార్చాలనేది వాళ్ల ఉద్దేశం. అసలు చక్రాలు ఉంచాలంటే ఒకప్పటి టాటా సుమోల్లో కొన్నింటికి వచ్చిన 185/85ఆర్16 వైపు చూడండి. ఎత్తు 28.4 అంగుళాలు, మీ నైలాన్, అంటే బయాస్, టైరుతో దాదాపు సమానం. స్పీడోమీటరు తప్పు చూపదు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే దానికీ ఇబ్బంది లేదు. అయితే చాలా జీపు రిమ్ములు 4.5 అంగుళాలవే. మీది కొలిచి, టైరు కంపెనీ డీలరు దగ్గర పట్టికలో 4.50 ఉందో లేదో చూపించమనండి. లేకపోతే అదే బోల్టుల వృత్తంతో, అంటే ఐదు బోల్టులు 5.5 అంగుళాలు, కాస్త వెడల్పు రిమ్ములు వెతుక్కోవాలి, లేదా కొత్త 6.00-16 నైలాన్‌లే వేసుకోవాలి. ఎరువు బస్తాలు మోసే బండి అయితే నా ఓటు నైలాన్‌కే. గట్ల మీద, రాళ్ల మీద దాని పక్క గోడ రేడియల్‌కన్నా దెబ్బలకు ఓర్చుకుంటుంది. రెండు రేడియల్స్, రెండు నైలాన్‌లు కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది. స్పేరు కూడా అదే రకం ఉండాలి.

ప్రశ్న: నా టన్ను ట్రక్కు చక్రాలకు లాక్ రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు) ఉంది. ఇంట్లో కంప్రెసర్ ఉంది, టైర్లు నేనే మార్చుకోవచ్చా? – చికాగో

జవాబు: మార్చుకోకండి. రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి నిండుతుండగా అది తుపాకి గుండులా ఎగురుతుంది. ఇలాంటి చక్రాలకు గాలి ఇనుప బోనులో పెట్టే కొట్టాలని అమెరికా పని భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. లారీల టైర్లు చేసే పాత షాపులో, బోను ఉన్నచోట చేయించండి. రింగు, రిమ్ము ఒకే జతవి అయి ఉండాలి, తుప్పు తినకూడదు, వంకర ఉండకూడదు. వాటికి సరిపడే ట్యూబు, ఫ్లాప్ (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) రెండూ కొత్తవి వేయించండి.

ప్రశ్న: వాడని కొత్త రేడియల్స్ సగం ధరకు ఇస్తామంటున్నారు. కొనొచ్చా? – హైదరాబాద్

జవాబు: టైరు గోడ మీద తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటినదాన్ని, ఎంత మెరుస్తున్నా, ఏడాదికి వేయి మైళ్లు తిరిగే పాత బండికి కొనకండి. అలాంటి బండికి టైర్లు అరగక ముందే రబ్బరు ముసలిదవుతుంది. నాలుగు టైర్ల తేదీలూ విడివిడిగా చూడండి, ఒకటి కొత్తది చూపించి మూడు పాతవి కట్టబెట్టడం మామూలే. లోపలివైపు కూడా చేత్తో తడిమి చూడండి. ట్యూబు వేసేట్టయితే గరుకు గీతలు, ఎండి గట్టిపడ్డ అతుకులు ఉన్న టైరు అసలు వద్దు.